హంతక కణాలూ, తోడికోడలి చెప్పులూ

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆవిడే గనక ఈ ఇంటి పెద్దకోడలిని చూసి ఉంటే, నవ్వడం దాకా ఎందుకు, తోడికోడలు నడుం పట్టుకుని ఆయాసంతో మెట్లెక్కినా ఏడవవచ్చునని తెలుసుకునేది.

అయితే పెద్దకోడలు పైకి ఏడ్చే మనిషి కాదు. ఏడుపును ఇస్త్రీ చేసిన దుప్పటిలా మడతలు పెట్టి లోపలి అరలో దాచుకునే మనిషి. ఆమె ఉద్యోగం పాథాలజీ ల్యాబులో. ఆస్పత్రుల నుంచి సీసాల్లో వచ్చే కండ ముక్కలను పల్చగా కోయించి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చదివి, ఏం జరిగిందో తేల్చి చెప్పే డాక్టరు ఆమె. అందులోనూ ఆమెకు అప్పగించినవి గర్భసంచి లోపలి పొరలు, కాన్పులో బిడ్డ వెనకే బయటపడే మాయలు. బిడ్డను తొమ్మిది నెలలు పోషించి, బిడ్డ చేతికి రాగానే ఎవరూ తిరిగి చూడని ఆ మాంసపు ముద్దను ఓపికగా చూసేది ఆ ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. ఇంట్లో మాత్రం అంత చదువుకూ దక్కిన బిరుదు ఒకటే. అన్నంలో రాయినైనా, గోడ మీద బీటనైనా అందరికంటే ముందు ఆమే కనిపెడుతుందని మరిది ఆమెను "భూతద్దం వదిన" అంటాడు.

ఇల్లు రెండంతస్తులది. కింద అత్తామామలూ, పెద్దకొడుకూ పెద్దకోడలూ. పైన చిన్నకొడుకూ చిన్నకోడలూ. వంట ఒక్కటే, బల్ల ఒక్కటే, చెప్పులు విడిచే చోటూ ఒక్కటే. మెట్ల మలుపులో చిన్న గది ఒకటుంది. పెద్దకోడలికి కడుపు నిలిచినప్పుడల్లా రాబోయే బిడ్డ కోసం ఆ గది ఖాళీ అయింది. రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ మళ్ళీ పాత ఫ్యానుతోనూ ఇస్త్రీ బల్లతోనూ నిండింది. ఈ ఏడాది అత్తగారు ఆ గదికి లేత పసుపు రంగు వేయించింది. ఆ రంగు వాసన వారం రోజుల పాటు ఇంట్లో అందరికీ కొత్తగా తోచింది. పెద్దకోడలికి మాత్రం ముక్కుపుటాలు మండాయి. రంగు పడదేమోనని భర్త కిటికీలు తెరిచాడు. ఆయనంతే. ఆ ఇంట్లో మాట్లాడే పని తమ్ముడిది, కిటికీలు తెరిచే పని అన్నది.

చిన్నకోడలు చెప్పుల షాపులో అమ్మకాల పిల్ల. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చే నడక చూసి పాదం సైజు చెప్పేస్తుంది. నవ్వు గలగలలాడుతుంది, మాట తడుముకోదు. పెళ్ళయి ఏడాది తిరగకుండానే, పాలు పొంగినంత సులువుగా, ఆమెకు నెల తప్పింది. మొదటి రోజునుంచీ అత్తగారి నోట ఆమె "బుజ్జి" అయింది. పదకొండేళ్ళ కాపురంలో పెద్దకోడలు "అమ్మాయ్" దాటి పైకి పోలేదు.

"బుజ్జీ, అంత గబగబా దిగకు! అమ్మాయ్, నువ్వా గిన్నె అందుకో."

ఒకే వాక్యంలో ఇద్దరికీ చెరొక చోటు. ఆ గిన్నె అందుకుంటున్నప్పుడు పెద్దకోడలి కళ్ళలో ఎవరో నిప్పులు పోసినట్టుండేది. కానీ ఆ కళ్ళు పక్కకు తిరిగేవి కావు. మంటలోనూ చూసేవి. చిన్నకోడలు ఎలా కూర్చుంది, ఎటు ఒరిగి పడుకుంది, ఏం తిని ఏం వదిలింది, కడుపు పైకుందా కిందికి జారిందా అన్నీ చూసేవి. కన్నతల్లి కూడా అంత శ్రద్ధగా చూసి ఉండదు.

మూడో నెలలో ఆ మంట ఒకసారి నాలుక మీదికి వచ్చింది.

"అమ్మాయ్, ఓ రక్తపరీక్ష చేయించుకోరాదూ? కిల్లర్ కణాలని ఉంటాయి. అవి ఎక్కువుంటే కడుపు నిలవదంటారు. మంచికే చెబుతున్నాను," అంది పెద్దకోడలు, బట్టలు మడతపెడుతూ, ఎంతో మామూలుగా.

"కిల్లరా! అదేం పేరక్కా, సినిమాలో విలన్‌లాగా," అని చిన్నకోడలు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెయ్యి కడుపు మీదికి పోయింది.

ఇక్కడ ఆ కణాల సంగతి నాలుగు మాటలు చెప్పుకోవాలి. తెల్ల రక్తకణాల్లో ఒక జాతి ఉంది. రోగం సోకిన కణాన్నీ, దారి తప్పిన కణాన్నీ ఎవరి ఆజ్ఞా లేకుండానే చంపేస్తాయి కనుక వాటికి సహజ హంతకులని పేరు వచ్చింది. అవి రక్తంలో తిరిగేవి. గర్భసంచి పొరలో వాటి దాయాదులు కాపురముంటాయి. ఇంటిపేరు ఒకటే, వృత్తి వేరు. కడుపు పండే వేళకు అక్కడ గుంపులు కడతాయి. చూసినవాడు బిడ్డను చంపడానికే పొంచి ఉన్నాయనుకుంటాడు. నిజానికి అవి మెలికలు తిరిగిన సన్నని రక్తనాళాల చుట్టూ చేరి, వాటి బిగువు సడలించి, తల్లి రక్తం సన్నధారగా కాక కాలువలా మాయలోకి పారేటట్టు దారి వెడల్పు చేయడంలో సాయపడతాయి. ఆ పని సరిగ్గా జరగకపోతే ఇబ్బంది అప్పుడే తెలియదు. నెలలు నిండబోయే ముందు, ఆకలిగొన్న మాయ తల్లి మీద తిరగబడుతుంది. రక్తపోటు కొండెక్కుతుంది, ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి తల్లీబిడ్డలిద్దరూ దక్కరు. అంతా ఈ కణాల వల్లనే అని తేల్చినవారు లేరు, వీటికి పాత్ర లేదని కొట్టిపారేసినవారూ లేరు. రక్తంలో వీటిని లెక్కపెట్టి కడుపు సంగతి చెప్పడం మాత్రం, పక్క వీధి జనాభా చూసి మన ఇంట్లో ఎందరు భోంచేశారో చెప్పడం లాంటిది.

ఇదంతా పెద్దకోడలికి కంఠతా వచ్చు. వచ్చి ఉండే ఆ మాట అంది. తన రెండో కడుపు పోయినప్పుడు ఏదో సంతాన కేంద్రంలో ఇదే రక్తపరీక్ష చేసి, "మీలో హంతకులు ఎక్కువ" అని మాత్రలిచ్చారు. ల్యాబులో ఆమె పై అధికారి, పెద్ద డాక్టరు, ఆ కాగితం చూసి తల పట్టుకున్నాడు. "పేరు పెట్టినవాడు వీటిని ముందు రక్తంలో చూశాడమ్మా. కడుపులో చూసి ఉంటే కాలువల మేస్త్రీ అని పెట్టేవాడు," అన్నాడు. ఆమె బుర్ర ఒప్పుకుంది. కడుపు ఒప్పుకోలేదు. పోయిన బిడ్డలకు ఒక దోషి కావాలి. దోషి దొరికాక వదులుకోవడం దుఃఖాన్ని రెండోసారి మొదలుపెట్టడమే. ఆ దోషిని తోడికోడలికి కూడా పరిచయం చేయాలనిపించింది. ఆ నవ్వులో తన భయం చిటికెడు కలవాలనిపించింది. అంతే.

పరీక్షలో అంకె కాస్త ఎక్కువే వచ్చింది. ఇల్లంతా అతలాకుతలమైంది. అత్తగారు భోజనం మానేసింది. చివరికి కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తితే, ఆవిడ ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టి నవ్వింది.

"ఎవరు చేయించుకోమన్నారమ్మా ఇది?"

"మా అక్క అండీ. పాథాలజీ డాక్టరు."

"పాథాలజీ డాక్టరా? అయితే ఆవిడకు తెలిసే ఉండాలే, దీనికి అర్థం లేదని!"

ఆ ఒక్క మాట ఇంటికొచ్చింది. ఎవరూ పెద్దకోడలిని నిలదీయలేదు. నిలదీసినా బాగుండేది. అత్తగారు ఒక్క చూపు చూసింది, భర్త ఒక కిటికీ తెరిచాడు, మరిది ఆ రోజునుంచి "భూతద్దం" అనడం మానేసి ఉత్త "వదినా" అన్నాడు. ఆ ఇంట్లో కడుపు గురించి పెద్దకోడలి మాట ఆనాటినుంచి చెల్లని నాణెం.

ఆమె మాట చచ్చిపోయిందిగానీ ఆమె చూపు చావలేదు.

ఆరో నెల దాటాక చిన్నకోడలు తమ షాపునుంచి కొత్త చెప్పులు తెచ్చుకుంది. మడమ వెనకగా పట్టీ, పట్టీకి వరసగా రంధ్రాలు, మెరిసే చిన్న బకిల్. గుమ్మం దగ్గర, సరిగ్గా పెద్దకోడలి అరిగిపోయిన నల్ల చెప్పుల పక్కనే, వాటికి తగిలేంత దగ్గరగా విడిచేది. పొద్దున్నే ల్యాబుకు బయల్దేరే పెద్దకోడలు రోజూ వంగి వాటిని అటు జరిపి, తనవి తొడుక్కునేది. జరిపినప్పుడల్లా చూసేది. మొదట బకిల్ లోపలి రంధ్రంలో ఉండేది. కొన్నాళ్ళకు పక్క దానికి జరిగింది. ఇంకొన్నాళ్ళకు ఇంకో దానికి. కడుపుతో ఉన్నవాళ్ళకు పాదాలు పొంగడం వింత కాదు. అయినా ఎనిమిదో నెలలో ఒక్క వారం లోపల బకిల్ రెండు రంధ్రాలు ఒక్కసారి దాటి చివరికి చేరింది. పట్టీ అక్కడికి సరి, ఇంక రంధ్రం లేదు.

ఆ పొద్దున చిన్నకోడలు బల్ల దగ్గరికి నుదురు నొక్కుకుంటూ వచ్చింది. కళ్ళ కింద కాదు, కనురెప్పలే ఉబ్బి ఉన్నాయి.

"ఆ లైటు తీసెయ్యండి అత్తయ్యా. కళ్ళ ముందు చుక్కలు చుక్కలుగా మిణుకుతున్నాయి."

"నిద్ర చాలక బుజ్జీ. మొహం చూడు, ఎంత నిండుగా ఉందో! చూసినవాళ్ళ కళ్ళు పడేటట్టుంది," అంది అత్తగారు మురిసిపోతూ.

మామగారు తన కాఫీ మీదనుంచి తల ఎత్తకుండా, "మీ అత్త మొహం ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా నిండుగా ఉందేమో కనుక్కో అమ్మా. గుండ్రంగా ఉంది, అంతే," అన్నాడు. అందరూ నవ్వారు.

పెద్దకోడలు నవ్వలేదు. చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"తలనొప్పి ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచక్కా. ఏం?"

"ఇవాళ ఒకసారి డాక్టరమ్మకు చూపిస్తే..."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది.

"మళ్ళీ మొదలెట్టావా అమ్మాయ్?"

"వద్దక్కా, నీకు దండం పెడతా," అంది చిన్నకోడలు. గొంతులో ఎప్పటి నవ్వు లేదు. "పోయినసారి నీ పరీక్ష పుణ్యమా అని ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకు తెలుసు. ఎలాగూ వచ్చే వారం చూపించుకోవాలిగా. పోయిన నెల అంతా బాగానే ఉందన్నారు."

"నీ ఇష్టం," అంది పెద్దకోడలు.

చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చాక ఆమెకు ఒక విచిత్రమైన తేలిక కలిగింది. చెప్పాను. వినలేదు. నా బాధ్యత తీరింది. ఆ తేలిక వెనకనుంచి ఇంకో ఆలోచన, చీకటి గదిలోంచి పిల్లి తల పెట్టి చూసినట్టు, తల బయట పెట్టింది. ఆ పసుపు గది మళ్ళీ పాత ఫ్యానుతో నిండితే? అందరం అప్పుడు ఒక్కటే అవుతాం. నన్నెవరూ వేరుగా చూడరు. ఆలోచన అక్కడ ఆగింది. ఎందుకంటే ఆమె నడక ఆగిపోయింది. పక్కన ఎవరో హారన్ కొట్టి తిడుతున్నా వినబడనంతగా ఆమె నడివీధిలో నిలబడిపోయింది. ఆ ఆలోచనను తనదని ఒప్పుకోవడానికి ఆమెకు మిగిలిన సగం వీధి పట్టింది.

ల్యాబులో ఆ రోజు ఒక మాయ వచ్చింది. వేరే ఆస్పత్రినుంచి, తెల్లని ప్లాస్టిక్ బకెట్లో. ఉండవలసిన దానికంటే చిన్నది. పెద్దకోడలు తొడుగులు వేసుకుని, దాన్ని బల్ల మీద పరిచి, పొడవాటి కత్తితో రొట్టె కోసినట్టు వరసగా కోసింది. కోసిన చోటల్లా ఎర్రగా మెత్తగా ఉండవలసిన కండ మధ్యన పాలిపోయి గట్టిపడ్డ మచ్చలు. రక్తం అందక చచ్చిన చోట్లు. వెంట వచ్చిన వివరాల్లో రెండు వాక్యాలే ఉన్నాయి. తల్లికి కొద్ది రోజులుగా తలనొప్పి, కళ్ళముందు మెరుపులు. బిడ్డ దక్కలేదు.

ఆమె కత్తి పక్కన పెట్టింది.

పెద్ద డాక్టరు తన గదిలోంచి, "ఏమ్మా, అంత సేపు చూస్తున్నావు? కొత్తదేమన్నా ఉందా?" అని కేకేశాడు.

"లేదు సార్. పాతదే. ఇంటికి వెళ్ళాలి."

"ఒంట్లో బాగాలేదా?"

"నాకు కాదు," అని, తొడుగులు విప్పి బుట్టలో పారేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని బయల్దేరింది.

బస్సులో కూర్చుని ఆలోచించింది. ఏమని చెప్పాలి? మాయ గురించి చెబితే, "శవాల కబుర్లు తెచ్చి కడుపుతో ఉన్నదానికి చెబుతావా" అంటారు. కాళ్ళు పట్టుకుంటే, "నటన" అంటారు. మరిదికి ఫోన్ చేస్తే, అతను తల్లికి చేస్తాడు. నిజం చెప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఆమె స్వయంగా ఒకే రక్తపరీక్షతో మూసేసుకుంది. ఈ ఇంట్లో తన మాట మీద నమ్మకం లేదు. మరేముంది? బస్సు మలుపు తిరిగింది. నమ్మకం లేదుగానీ, పంతం ఉంది. తోడికోడలికి తన మీద పంతం ఉంది. తన చదువు మీద, తన మాటకు ముందు మామగారు టీవీ శబ్దం తగ్గించడం మీద, పెద్దకోడలన్న ఆ 'పెద్ద' మీద. ఆ సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! అసూయ తన ఒక్కదాని సొత్తు అనుకుంది కాబోలు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. మామగారు ముందు గదిలో తన బీపీ మెషీన్ ముందేసుకుని ఉన్నాడు. అది ఆయన పదవీ విరమణ తర్వాతి పదవి. పూటకోసారి పట్టీ చుట్టుకుని, అంకె రాగానే ఇల్లంతా వినబడేటట్టు చదువుతాడు. చిన్నకోడలు సోఫాలో కాళ్ళు చాపి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకుంది. అత్తగారు పక్కనే కూర్చుని విసురుతోంది. మరిది అప్పుడే షిఫ్ట్ దిగి వచ్చాడు.

"నూట నలభై రెండు!" అని ప్రకటించాడు మామగారు.

పెద్దకోడలు బ్యాగు కూడా దించకుండా ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"నాకూ చూడండి మామయ్యా."

"నీకెందుకమ్మా? బాగానే ఉన్నావుగా?"

"ఎవరి బీపీ బాగుందో చూద్దామని. ఈ ఇంట్లో అన్నిటికీ పోటీయేగా." ఆమె గొంతులోకి కావాలని ఓ పులుపు తెచ్చుకుంది. తెచ్చుకోవడం పెద్ద కష్టమేమీ కాలేదు.

మెషీన్ బుస కొట్టి, ఆగి, కూసింది. నూట పద్ధెనిమిది.

"చూశారా! పదిమంది పని నెత్తిన వేసుకుని, బస్సులో నిలబడి వచ్చినా నాది ఇంత చల్లగా ఉంది. పొద్దస్తమానం విసనకర్ర కింద పడుకునేవాళ్ళకు మాత్రం తలనొప్పులు. ఈ కాలం పిల్లల ఒంట్లో సత్తా లేదు మామయ్యా."

సోఫాలో కళ్ళ మీది చెయ్యి దిగింది.

"ఎవరికి లేదక్కా సత్తా?"

"నేనెవరి పేరూ అనలేదే."

"అననక్కర్లేదు, నాకు వినబడింది. కడుపులో మనిషిని మోస్తూ మొన్నటిదాకా షాపులో నిలబడి ఉద్యోగం చేశా నేను. నువ్వు స్టూలు మీద కూర్చుని గాజుముక్కలు చూస్తావు!"

"అయితే చెయ్యి చాపు. నాకంటే తక్కువొస్తే ఈ నెలంతా నీ గిన్నెలూ నేనే కడుగుతా."

"బుజ్జీ, ఊరుకో, దాని మాటలకేం," అంది అత్తగారు.

"మీరుండండత్తయ్యా!" చిన్నకోడలు లేచి కూర్చుంది. లేవడంలో ఒకసారి తూలి, సోఫా అంచు పట్టుకోవడం పెద్దకోడలు ఒక్కతే చూసింది. "చుట్టండి మామయ్యా. గిన్నెల సంగతి అందరూ విన్నారుగా!"

మరిది నవ్వుతూ, "భూతద్దం వదినా, సబ్బు కొనిపెట్టుకో," అన్నాడు. ఆ పేరు నెలల తర్వాత మళ్ళీ అతని నోట వచ్చింది. వచ్చిన సంగతి ఆమె గమనించే స్థితిలో లేదు. ఆమె కళ్ళు మెషీన్ అద్దం మీద ఉన్నాయి.

పట్టీ బిగిసింది. అంకెలు పైకి పోయి, దిగడం మొదలుపెట్టాయి. దిగుతూ దిగుతూ చాలా పైన ఆగిపోయాయి.

మామగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఈసారి పైకి చదవలేదు.

"ఎంత? ఎంతండీ?"

"నూట అరవై నాలుగు. కిందది... నూట పన్నెండు."

"ఆ మెషీన్ చెడిపోయి ఉంటుంది," అంది అత్తగారు.

"నా మెషీన్నంటావా?" మామగారికి పౌరుషం వచ్చింది. "ఇప్పుడే నాకు చూశాను, పెద్దమ్మాయికి చూశాను. అప్పుడు చెడిపోలేదా? ఏదమ్మా, ఇంకో చెయ్యివ్వు."

ఇంకో చేతికి అంకె ఇంకా పెరిగింది. చిన్నకోడలు అందరి మొహాలూ చూసి, చివరికి పెద్దకోడలి మొహం దగ్గర ఆగింది. అక్కడ గెలిచిన కళ లేదు. ఆ లేకపోవడం చూశాక ఆమెకు భయం వేసింది.

"అక్కా..."

"లే అమ్మాయ్. పోదాం." పెద్దకోడలు అప్పటికే గుమ్మం దగ్గర వంగి ఉంది. పట్టీ చెప్పులు ఇంక పట్టవని ఆమెకు తెలుసు. తన అరిగిన నల్ల చెప్పులు, వెనక పట్టీ లేనివి, తెచ్చి తోడికోడలి పాదాల ముందు పెట్టింది. "ఇవి వేసుకో."

తాను ఉత్తకాళ్ళతోనే కారెక్కింది.

ఆస్పత్రిలో అదే డాక్టరమ్మ. మూత్రం పరీక్షించారు, రక్తం తీశారు, ఫిట్స్ రాకుండా సూది మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మరిది కారిడార్లో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగింది.

"సరైన సమయానికి తెచ్చారు. వచ్చే వారం దాకా ఆగి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేదాన్ని. ఇవాళే తీసుకురమ్మని ఎవరన్నారు?"

"మా వదిన," అన్నాడు మరిది.

డాక్టరమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. దుమ్ము పట్టిన పాదాలు, జారిన జుట్టు.

"పాథాలజీ డాక్టరు... మీరేనా?"

"నేనే."

ఈసారి ఆవిడ నవ్వలేదు. తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

బిడ్డకు ఊపిరితిత్తులు గట్టిపడే సూదులిచ్చి, వీలైనంత వరకు ఆగి, ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. గుప్పెడంత. అయినా ఏడ్చిన ఏడుపు మాత్రం కారిడార్ చివరిదాకా వినబడింది. "నోరు వాళ్ళమ్మది," అన్నాడు మామగారు, కళ్ళు తుడుచుకుంటూ.

మాయ ల్యాబుకు వచ్చింది. సొంతవాళ్ళవి ఎవరూ చదవకూడదన్నది అక్కడి నియమం. పెద్ద డాక్టరే కోయించి, రంగులు పట్టించి, తానే చదివాడు. చదివాక ఆమెను పిలిచి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపుకు రెండో పక్కన కూర్చోబెట్టాడు.

"చూడమ్మా. ఈ నాళం ఇప్పటికి నది కావాలి. చూడు, దళసరి గోడలు, సూది దూరేంత దారి. మొదటి నెలల్లోనే ఇక్కడ పని జరగాలి. జరగలేదు."

"మేస్త్రీలు రాలేదా?"

"వచ్చారో, వచ్చి చేతులు కట్టుకు కూర్చున్నారో, మాయ దించిన వేళ్ళతో మాట కుదరలేదో. ఇన్నాళ్ళకు మనకెలా తెలుస్తుంది? హంతకులు చంపినందుకు కాదు, తమ పని చేయనందుకు ప్రమాదం వచ్చి ఉండవచ్చు. అంతవరకే చెప్పగలం."

ఆమె కంటిని అద్దంనుంచి తీయలేదు. గులాబి రంగు మైదానంలో ఆ బిగిసిన నాళం పిడికిలిలా ఉంది. ఇన్నేళ్ళుగా తన కడుపులో పొంచి ఉన్నారని తాను తిట్టుకున్నవాళ్ళను తలుచుకుంది. వాళ్ళు చీకట్లో పలుగూ పారా పట్టుకుని ఏం చేశారో, చేయలేకపోయారో, ఒక్కనాడూ వాళ్ళను అడగలేదు. పేరు విని తీర్పు చెప్పింది. ఇద్దరు బిడ్డలు పోయినప్పుడు మడతపెట్టి దాచినది, మడత విప్పుకుంటోంది.

పెద్ద డాక్టరు చాలాసేపు స్లయిడు సర్దుతున్నట్టే కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఇంట్లో ఇంతమంది ఉండగా నువ్వెలా కనిపెట్టావమ్మా?"

"రోజూ చూసేదాన్ని సార్. నడక, మొహం, చెప్పుల బకిల్, అన్నీ."

"అంత ప్రేమా తోడికోడలంటే?"

"కాదు," అంది ఆమె. అని, తడి కళ్ళతోనే, చాలా రోజుల తర్వాత నవ్వింది.

చిన్నకోడలు ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం పసుపు గదిలో బిడ్డ నిద్రపోతోంది. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. అత్తగారు ఊయల పక్కన కూర్చుని, వందోసారి అంటోంది.

"కడుపుతో పచ్చగా ఉన్న పిల్ల. ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో ఏమో!"

గుమ్మంలో దుప్పట్లు పట్టుకుని నిలబడ్డ పెద్దకోడలు తల దించుకుంది. చిన్నకోడలు ఆమెనే చూస్తోంది.

"కళ్ళు పడబట్టేగా ఇంకా ఉన్నాం. మీరు వెళ్ళి కాసేపు నడుం వాల్చండత్తయ్యా."

అత్తగారు వెళ్ళింది. తర్వాత చిన్నకోడలు మంచం కింద కాలితో తడిమి, పట్టీ చెప్పుల జత బయటికి లాగింది.

"అక్కా, ఇవి కొన్నప్పుడు మా షాపులో అన్నిటికంటే ఖరీదైనవి. రోజూ నీ చెప్పుల పక్కనే ఎందుకు పెట్టేదాన్నో తెలుసా?"

"ఎందుకు?"

"నువ్వు చూసి కుళ్ళుకోవాలని." ఆమె కళ్ళలో పాత నవ్వు తిరిగొచ్చింది. "ఇంట్లో ఏ మాటొచ్చినా 'పెద్దమ్మాయినడగండి, చదువుకుంది' అంటారు మామయ్య. నేనంటే ఉత్త బుజ్జి. చంటిదాన్ని పిలిచినట్టు! ఒళ్ళు మండేది. అందుకని."

పెద్దకోడలు దుప్పట్లు కుర్చీలో పెట్టింది. ఆ పిలుపు కోసమే తాను ఎన్ని పూటలు నిప్పులు మింగిందో చెప్పబోయి, ఊరుకుంది.

"కుళ్ళుకున్నావా మరి?"

"కుళ్ళుకున్నాను."

"ఆఁ! అదీ మాట. డబ్బులు దండగ కాలేదు."

ఊయలలో బిడ్డ కదిలి, నోరు చప్పరించింది. చిన్నకోడలు చెయ్యి జాపి ఊయలను ఒక్క ఊపు ఊపింది. ఎంతో అలవాటైన ఊపు, చేతికి తెలియకుండానే పడే ఊపు. అది చూడగానే పెద్దకోడలి లోపల ఎప్పటి మంట ఎప్పటి చోటే భగ్గుమంది. ఎక్కడికీ పోలేదు. పోతుందని ఆమె అనుకోనూ లేదు.

ఆమె మంచం అంచున కూర్చుని, తోడికోడలి కాలును ఒళ్ళోకి తీసుకుంది.

"ఏంటక్కా, ఇప్పుడు నాకు చెప్పులు తొడుగుతావా?"

"కదలకు."

చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి, కాసేపు ఆగి, వేలు తీసి చూసింది. వాపు ఉంటే పడే గుంట పడలేదు. ఇంకో కాలు అందుకుంది.